ఇచ్ఛాపురం దాటాక: అమ్మతో ఒడిశాలో ఏడు రోజులు

మొదటి రోజు

విజయనగరంలో పొద్దున్నే రైలెక్కాం. అమ్మ, మా ఆవిడ, నేను. జనవరి నెలాఖరు, చలి ఇంకా పోలేదు. అమ్మ సంచిలో సగం తిండే. పులిహోర, చేగోడీలు, సీసాడు మాగాయ. "ఒడిశాలో అన్నం దొరకదేటమ్మా?" అంటే, "అన్నం దొరుకుతాది. మాగాయ దొరుకుతాదేటి?" అంది.

అమ్మ పుట్టిల్లు ఇచ్ఛాపురం దగ్గర పల్లె. ఆ వీధిలో సగం ఇళ్లలో తెలుగు, సగం ఇళ్లలో ఒడియా. పిల్లలకి ఏ ఇంట్లో అన్నం పెడితే ఆ ఇంటి భాష. పెళ్లయి ఇటు వచ్చాక యాభై ఏళ్లుగా ఆ మాటలు ఆవిడ నోట వినలేదు. అసలు గుర్తున్నాయో లేదో కూడా మాకు తెలీదు.

ఇచ్ఛాపురం దాటగానే స్టేషను బోర్డుల మీద అక్షరాలు మారిపోయాయి. ఒడియా అక్షరం చూస్తే నెత్తిన గొడుగు పట్టుకున్నట్టుంటుంది. హిందీలోలా పైన అడ్డగీత ఉండదు. తాటాకు మీద గంటంతో అడ్డంగా గీస్తే ఆకు చీలిపోతుంది. అందుకే ఆ అక్షరాలు గుండ్రమయ్యాయంటారు. మన అక్షరాల గుండ్రదనానికి చెప్పే కారణమూ అదే.

నిజానికి ఆ సరిహద్దు వయసు తొంభై ఏళ్లే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం, గంజాం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. దేశంలో భాషను బట్టి ఏర్పడ్డ మొదటి రాష్ట్రం అదే. మనకి ఆ ముచ్చట తీరడానికి 1953 దాకా పట్టింది. రంభ దాటాక కుడివైపు కిటికీలోంచి చిలికా సరస్సు కనిపించింది. అమ్మ రెండు చేతులూ జోడించింది. నీళ్లు ఎక్కువగా కనిపిస్తే దండం పెట్టడం ఆవిడ అలవాటు.

భువనేశ్వర్‌లో సామాను పడేసి సాయంత్రం ముక్తేశ్వర్ గుడికెళ్లాం. పదో శతాబ్దం నాటి చిన్న గుడి. ముందు రాతి తోరణం, దాని మీద వాలి కూర్చున్న ఆడవాళ్ల బొమ్మలు. అమ్మ చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "ఒరే, ఇది మన ముఖలింగం గుడిలా లేదేటి?" అంది.

ఉంటుంది మరి. వంశధార ఒడ్డున ముఖలింగం ఒకప్పటి కళింగనగరం, తూర్పు గాంగుల రాజధాని. నున్నగా నిలువునా లేచి పైన ఉసిరికాయ లాంటి రాయి పెట్టుకునే శిఖరం ఈ కళింగ శైలిదే. మనం శ్రీకాకుళం జిల్లాలో చూసి "ఒడిశా పద్ధతి గుడి" అంటాం. ఇక్కడ చూసిన అమ్మకి ఇది శ్రీకాకుళం పద్ధతిలా కనిపించింది. ఎవరు చెప్పింది తప్పు?

లింగరాజ ఆలయం చేరేసరికి చీకటి పడింది. పదకొండో శతాబ్దం, నూట ఎనభై అడుగుల శిఖరం. దర్శనం బాగానే అయింది గానీ రోజంతా రైల్లో కూర్చున్న కాళ్లు సహకరించలేదు. రాజారాణి గుడిని బయటనుంచే చూసేశాం.

రెండో రోజు

ధౌళి ఊరికి దగ్గరే. కారతను సరాసరి కొండ మీది తెల్లటి శాంతి స్తూపం దగ్గర దింపాడు. 1972లో జపాన్ బౌద్ధులు కట్టించింది. అందరూ అక్కడ ఫోటోలు తీసుకుని దిగిపోతున్నారు. మేం వచ్చింది దానికోసం కాదు. దిగేటప్పుడు కొండ మొదట్లో బండి ఆపమంటే, "అక్కడేం లేదు సార్, రాయి" అన్నాడు.

ఆ రాయికోసమే వచ్చాం. పైన ఏనుగు ముందు సగం మాత్రం బండలోంచి బయటికొస్తున్నట్టు చెక్కి ఉంటుంది. తొండం ఊపుతూ వెనక సగాన్ని కూడా లాక్కోబోతున్నట్టుంటుంది. దాని కింద నున్నగా చేసిన బండ మీద అశోకుడి శాసనాలు. 1837లో కిట్టో అనే ఇంగ్లీషు సైన్యాధికారి చూసేదాకా పొదల్లోనే ఉన్నాయి.

కళింగ యుద్ధం ఈ చుట్టుపక్కలే జరిగిందంటారు. దిగువన పారే దయా నది ఎర్రబడిందని చెబుతారు. లక్షమంది చచ్చారు, లక్షా యాభై వేలమందిని చెరపట్టి తరలించారు, నాకు పశ్చాత్తాపం కలిగింది అని అశోకుడు చెప్పుకున్నది పదమూడో శాసనంలో. ఆ పదమూడోది ఇక్కడ లేదు! పదకొండు, పన్నెండు, పదమూడు వదిలేసి, వాటి బదులు ఈ సీమ అధికారులకి రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించాడు. "మనుషులందరూ నా బిడ్డలే" అన్న మాట వాటిలో ఉంది. గంజాం జిల్లా జౌగఢ్‌లోనూ ఇదే వరస. ఆ పశ్చాత్తాపం చదవాలంటే వేరే ఊళ్లకి పోవాలి. వాటిలో ఒకటి మన కర్నూలు జిల్లాలో జొన్నగిరి పక్కనున్న ఎర్రగుడి.

ఈ సంగతి విడమర్చి చెబితే అమ్మ కాసేపు రాయి వంక చూసి, "మొహం చెల్లలేదు కాబోలు" అంది. పండితులు రకరకాల కారణాలు రాశారు. నాకు ఈ మాటే బాగుంది.

మధ్యాహ్నం ఉదయగిరి, ఖండగిరి. జైన మునుల కోసం తొలిచిన గుహలు. రెండంతస్తుల రాణీ గుంఫా చూడ్డానికి బాగుంటుంది గానీ నేను హాథీగుంఫా దగ్గర ఆగిపోయాను. కప్పు కింద నుదుటి మీద పదిహేడు వరసల బ్రాహ్మీ లిపి. ఖారవేలుడనే కళింగ రాజు ఏటికేడు తను చేసిన పనులు చెప్పుకున్నాడు. రెండో ఏడు శాతకర్ణిని లెక్కచేయకుండా పడమటికి సైన్యాన్ని పంపానంటాడు. శాతవాహనులు మనవాళ్లని బడిలో చదువుకున్న ప్రాణానికి అక్కడ కాస్త చివుక్కుమంటుంది. శ్రీకాకుళం అమ్మ కడుపున పుట్టినవాణ్ణి కాబట్టి ఖారవేలుడు కూడా మనవాడే అనుకుని సర్దుకున్నాను. నేను ఆ లెక్కలో ఉండగా కొండముచ్చు ఒకటి మా ఆవిడ చేతిలోంచి పులిహోర పొట్లం లాక్కుపోయింది. మూడు రోజులొస్తుందనుకున్న పులిహోర అలా రెండో రోజే ముగిసింది.

సాయంత్రం కటక్ దారిలో పాహాళ. రోడ్డుకి రెండు పక్కలా రసగుల్లా కొట్లు. ఇవి బెంగాలు వాటిలా తెల్లగా, గట్టిగా ఉండవు. లేత గోధుమరంగు, నోట్లో పెడితే పళ్లతో పనిలేదు. ఎవరు కనిపెట్టారని రెండు రాష్ట్రాలూ కొట్లాడుకుని, చివరికి 2017లో బెంగాలు, 2019లో ఒడిశా తలో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాయి. రథయాత్ర ముగిసి గుడికి తిరిగొచ్చే రోజు, తనని వదిలేసి వెళ్లాడని లక్ష్మీదేవి తలుపేసుకుంటుందట. జగన్నాథుడు రసగుల్లాలిచ్చి బుజ్జగిస్తాడట. కొట్టువాణ్ణి అమ్మ ఏదో అడిగింది. "కేతే టంకా?" అన్న ముక్క మాత్రం నాకర్థమైంది. ఎంత డబ్బులు అని. అన్నాక తనే ఉలిక్కిపడి నవ్వింది. అతను "మావుసీ" అని పిలిచి ఒకటి ఊరికే ఇచ్చాడు. మావుసీ అంటే పిన్ని.

మూడో రోజు

కోణార్క్ దారిలో పిప్పిలి. రంగు గుడ్డ ముక్కలు కత్తిరించి కుట్టే చాందువా పని. రథాల మీది పందిళ్లకి వేసేది ఇదే. ఒక గొడుగు కొన్నాం, ఇంట్లో దేనికి వాడాలో ఇప్పటికీ తేలలేదు.

కోణార్క్ గురించి రాయని తెలుగువాడు లేడు, అందుకని నాకు నచ్చిన మూడు సంగతులతో సరిపెడతాను.

ఒకటి, ఇప్పుడు మనం చూసేది అసలు గుడి కాదు, దాని ముందు మండపం. గర్భగుడి మీది పెద్ద శిఖరం ఎప్పుడో కూలింది. మిగిలిన ముక్క కూడా పందొమ్మిదో శతాబ్దంలో పడిపోయింది. మండపమైనా నిలవాలని లోపలంతా ఇసుక నింపి 1903లో మూసేశారు. అంటే పదమూడో శతాబ్దంలో నరసింహదేవుడు కట్టించిన రథం లోపలికి మన తాతల కాలం నుంచే ఎవరూ వెళ్లలేదు.

రెండు, చక్రాలు. ఇరవై నాలుగు. పది రూపాయల నోటు మీదున్నది వీటిలో ఒకటే. ఒక్కో చక్రంలో ఎనిమిది లావు ఆకులు, ఎనిమిది సన్నటివి. గైడు ఇరుసు దగ్గర వేలు పెట్టి, ఆ నీడ ఎక్కడ పడిందో చూపించి, పూసలు లెక్కపెట్టి టైము చెప్పాడు. లావు ఆకుకీ లావు ఆకుకీ మధ్య మూడు గంటలట. ఫోన్లో చూస్తే పావుగంట అటూఇటూగా సరిపోయింది. ముందే గడియారం చూసుకుని చెప్పాడని మా ఆవిడ అనుమానం. నాకు మాత్రం గంటల కంటే ఆకుల మధ్య బిళ్లల్లో చెక్కిన బొమ్మలు నచ్చాయి. అద్దంలో చూసుకుంటున్న ఆడమనిషి ఒక బిళ్లలో ఉంది, మొత్తం నా అరచేతికంటే కొంచెం పెద్దది. వేళ్ల గోళ్లు కూడా తెలుస్తున్నాయి.

మూడు, దక్షిణం వైపు గోడ మీద రాజుకి ఎవరో జిరాఫీని కానుకగా తెచ్చినట్టున్న బొమ్మ. కళింగ రేవుల్లోకి సముద్రం మీద ఏమేమి దిగేవో ఊహించుకోవచ్చు. కార్తీక పున్నమినాడు ఒడిశా అంతటా అరటి దొప్పల పడవలు నీళ్లలో వదులుతారు. కటక్‌లో బాలి యాత్ర పేరుతో పెద్ద జాతర జరుగుతుంది. పూర్వం వాళ్ల వర్తకులు బాలి, జావా వెళ్లిన రోజుల జ్ఞాపకం అది.

బూతు బొమ్మల దగ్గరికొచ్చేసరికి అమ్మ కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది. అక్కడ ఎంతసేపున్నామో అంతసేపూ తుడిచింది.

రాత్రికి పూరీ.

నాలుగో రోజు

తెల్లారకుండానే సింహద్వారం ముందు నిలబడ్డాం. అక్కడున్న నల్లరాతి అరుణ స్తంభం కోణార్క్‌దే. మరాఠాల కాలంలో తెచ్చి ఇక్కడ నిలిపారు. ఫోన్లు, చెప్పులు బయట ఇచ్చేసి, ఇరవై రెండు మెట్లెక్కాలి.

మెట్ల దగ్గరే ఒక పండా, అంటే అక్కడి పూజారి, పట్టుకున్నాడు. ఏ ఊరు, ఏ గోత్రం, ముత్తాత పేరేంటి అని చక్కటి తెలుగులో అడిగాడు. మీ వంశంవాళ్లు వస్తే మా చిట్టాలో రాసి ఉంటుందన్నాడు. అమ్మకి ఆశ పుట్టింది. వాళ్ల తాత బండి కట్టుకుని పూరీ వచ్చాడని ఇంట్లో చెప్పుకునేవారు. పొడుగాటి ఎర్రట్ట పుస్తకం తెచ్చి చాలాసేపు తిరగేశాడు. ఇచ్ఛాపురంవాళ్లు ఎందరో దొరికారు గానీ మా తాతగారు దొరకలేదు. వెతికినందుకు పదకొండు వందలన్నాడు. బేరమాడి ఐదు వందలకి దిగాం. అమ్మకి డబ్బు పోయినందుకు కాదు, పేరు లేనందుకు బాధ. "బండి దారిలో విరిగిపోయి వెనక్కొచ్చీసుంటాడు" అని తనే సర్దిచెప్పుకుంది.

ఈ గుడి కట్టించడం మొదలెట్టింది అనంతవర్మ చోడగంగదేవుడు, పన్నెండో శతాబ్దంలో. ముఖలింగం గాంగులవాడే. తల్లి చోళుల ఆడపడుచు, పేరులో చోడ అందుకే. రాజధానిని ఉత్తరానికి మార్చింది ఆయనే.

లోపల దేవుడు రాయి కాదు, లోహం కాదు, వేపకర్ర. గుండ్రటి కళ్లు, పూర్తికాని చేతులు. అధిక ఆషాఢం వచ్చిన ఏడు పాత విగ్రహాలు తీసి కొత్తవి పెడతారు. 1996లో, మళ్లీ 2015లో జరిగింది. పాత విగ్రహంలోని బ్రహ్మపదార్థాన్ని కొత్తదానిలోకి మార్చేవాళ్లు కళ్లకి గంతలు కట్టుకునే మారుస్తారు. ఆ పని చేసే దైతాపతులు శబర నాయకుడు విశ్వావసు వంశీకులమంటారు. శబరులంటే మన సవరలే. ఈ సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసింది పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి. ఆ పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో ఉంది.

మధ్యాహ్నం ఆనంద బజారులో భోజనం. మట్టికుండలు ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టెల మంట మీద వండుతారు. జగన్నాథుడికి నైవేద్యమై, ఆ తర్వాత విమలాదేవికి చూపించాకే అది మహాప్రసాదమవుతుంది. అన్నం, పప్పూ కూరగాయలూ కలిపిన దాల్మా, ఆవపిండి వేసిన బేసరా, తీపీ పులుపూ కలిసిన ఖట్టా. బంగాళాదుంప, టమాటా, పచ్చిమిరప కనపడవు. విదేశాల నుంచొచ్చిన కూరలకి ఆ వంటింట్లోకి ప్రవేశం లేదు. మా పక్కన ఒక లారీ డ్రైవరు, అతని పక్కన పట్టుపంచె పెద్దాయన. ఒకే అరుగు, ఒకే కుండ. ఎంగిలి పట్టింపు ఈ అన్నానికి లేదు. "సర్వం జగన్నాథం" అని మనం విసుగ్గా అనే మాట ఎక్కణ్ణించి వచ్చిందో ఇక్కడ కూర్చుంటే తెలుస్తుంది. మడి కట్టుకునే మా అమ్మ కుండలో చెయ్యిపెట్టి లారీ డ్రైవరుకి అన్నం వడ్డించింది. ఇంటికెళ్లాక ఈ సంగతి ఎత్తకూడదని నాకు ఆజ్ఞ.

సాయంత్రం గుడి ముందున్న పెద్ద వీధి బడదండా మీద నిలబడి తల పైకెత్తితే, రెండు వందల పద్నాలుగు అడుగుల శిఖరం మీదికి ఒక మనిషి పాకుతున్నాడు. తాడు లేదు, కొక్కెం లేదు. నడుముకి జెండా గుడ్డలు. రోజూ నీలచక్రం మీద జెండా మార్చేది చునరా సేవకులు. అతను చక్రం అంచున నిలబడ్డప్పుడు రోడ్డు మీద అమ్మకాలు కూడా ఆగినట్టనిపించింది. తర్వాత కాజాలు కొన్నాం. మన తాపేశ్వరం మడత కాజాకి చుట్టమే, కాకపోతే పొడిపొడిగా ఉంటుంది.

ఐదో రోజు

రఘురాజ్‌పూర్. పూరీకి పదిహేను కిలోమీటర్లలోపే, భార్గవి నది పక్కన. ప్రతి గోడ మీదా బొమ్మలే, ప్రతి అరుగు మీదా ఒక చిత్రకారుడే. ఒడిస్సీ గురువు కేలుచరణ్ మహాపాత్ర పుట్టింది ఈ ఊళ్లోనే. ఊళ్లోకి అడుగుపెట్టగానే "రండి సార్, చూడ్డానికి డబ్బుల్లేవు" అని రెండు వైపులనుంచీ పిలుపులు. మొదట చిరాకేసింది. పిలవని ఇల్లు ఒకటి చూసి అందులోకెళ్లాం.

అక్కడ ఒక ముసలాయన బొమ్మ గీయడం లేదు, గుడ్డని రుద్దుతున్నాడు. నేను ఈ పని ముందెప్పుడూ చూడలేదు. పాత నూలు చీర గుడ్డలు రెండు, నానబెట్టి రుబ్బిన చింతపిక్కల బంకతో అతికిస్తారు. దాని మీద సుద్దపొడి కలిపిన బంక పూసి ఎండబెడతారు. ఎండాక ముందు గరుకు రాయితో, తర్వాత నున్నటి రాయితో రుద్దాలి. ఆయన భుజం మొత్తం ఊగుతోంది. గుడ్డ కాస్తా తోలులా తయారైంది. వేలితో రాస్తే చల్లగా, గాజులా జారిపోయింది. అదే పట్టా. చేర్యాల నకాషీ పటాలకి కూడా సుద్ద, చింతపిక్కల బంకే వాడతారని చెబితే, ఆయన "చింతచెట్టు అక్కడా ఉందిగా" అన్నట్టు చెయ్యి తిప్పాడు. మా సంభాషణంతా అమ్మ ద్వారానే. ఈ పాటికి ఆవిడ ఒడియా వరదలా వస్తోంది.

రంగులు కొబ్బరి చిప్పల్లో ఉన్నాయి. తెలుపు శంఖాల పొడి, నలుపు దీపపు మసి, ఎరుపు ఇంగిలీకం, పసుపు హరిదళం. అన్నిటికీ వెలగ బంక. కోడలు సన్నటి ఎలుక వెంట్రుకల కుంచెతో కృష్ణుడి కనుబొమ్మ గీస్తోంది. పెన్సిలు గీత లేదు, దిద్దడం లేదు. ఊపిరి బిగపట్టి ఒక్క లాగు, అంతే. తర్వాత ఊపిరి వదిలింది, మేమూ వదిలాం.

జ్యేష్ఠ పున్నమినాడు నూట ఎనిమిది కుండల నీళ్లతో స్నానం చేయిస్తే దేవుళ్లకి జ్వరం వస్తుంది. పదిహేను రోజులు దర్శనం ఉండదు. ఆ రోజుల్లో గర్భగుడి ముందు పూజలందుకునేది పట్టా మీద గీసిన బొమ్మలే. అంటే ఈ గుడ్డ, దేవుడు సెలవు పెట్టినప్పుడు ఆయన కుర్చీలో కూర్చుంటుంది.

చిన్న జగన్నాథుడి పటం ఒకటి కొన్నాం. ధర చెప్పగానే అమ్మ అలవాటుగా బేరానికి నోరు తెరిచి, ఆ భుజం వంక చూసి మూసుకుంది. వచ్చేటప్పుడు సంచి తీసి మాగాయ సీసా కోడలి చేతిలో పెట్టింది. ఆ అమ్మాయి లోపలికెళ్లి ఎండిన మినప వడియాలు పొట్లం కట్టి తెచ్చింది.

ఆరో రోజు

చిలికా. డాల్ఫిన్లు చూడాలంటే సాతపడా వెళ్లాలి. మేం పక్షుల కోసం ఉత్తరపు ఒడ్డున ఉన్న మంగళాజోడికి వెళ్లాం. మోటారు లేని పడవ, వెదురు గడతో తోసుకుంటూ రెల్లులోంచి తీసుకెళ్లాడు. ఊదారంగు నీటికోళ్లు కాళ్లకడ్డం పడేటన్ని. ఉత్తరపు చలిదేశాల నుంచొచ్చిన బాతులు, గాడ్విట్లనే నీటిపక్షులు గుంపులు గుంపులుగా లేచి మళ్లీ దిగుతున్నాయి.

గడ పట్టినతని తండ్రి ఈ పక్షుల్నే వేటాడి అమ్మేవాడట. ఒకప్పుడు ఊరంతా అదే పని. 2000 ప్రాంతంలో వేటగాళ్లే కాపలాకి దిగారు. ఇప్పుడు పక్షుల పేర్లు ఇంగ్లీషులో గడగడా చెబుతున్నారు. అదే 2000లో సరస్సుకి సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వారు. పాతది ఇసుకతో పూడిపోయి ఉప్పు తగ్గి, చేపలు తగ్గి, కలుపు పెరిగిపోయిందట. కొత్త దారి తవ్వాక చేపలు తిరిగొచ్చాయి. మన పులికాట్‌లోనూ నోళ్లు పూడిపోవడం గురించి చిన్నప్పణ్ణించీ వింటున్నాను.

ఏడో రోజు

బరంపురంలో రైలుకి నాలుగు గంటల టైముంది. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి 1894లో పుట్టిన ఊరు. ఊరు చూసే ఓపిక లేదు, పట్టుచీరల కొట్టుకే వెళ్లాం. అంచు మీద గుడి గోపురాల్లా కోణాలు తేలే ఫోడా పని ఇక్కడిది. నేతవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. రెండేళ్లకోసారి ఊరి దేవత బూఢీ ఠాకురాణి జాతర చేసేదీ వాళ్లలోని దేరా అనే నేతకులమే.

ఏడు రోజులుగా పదునెక్కిన ఒడియాతో అమ్మ కొట్టాయనతో బేరం మొదలెట్టింది. పావుగంట ఆడింది. ఆయన ఓపిగ్గా ఒడియాలోనే బదులిచ్చాడు. చివరికి రెండు వందలు తగ్గించి, లోపలికి తిరిగి, "ఒలే, ఆ ఎర్రంచుది మడతెట్టి ఇచ్చీ" అని భార్యకి కేకేశాడు.

అమ్మ నా వంక చూసింది. "ముందే చెప్పొచ్చు కదయ్యా" అంటే, "మీరు ముచ్చట పడతన్నారు కదమ్మా" అన్నాడు.

ఇచ్ఛాపురం వచ్చేసరికి అమ్మ నిద్రపోతోంది. ఒళ్లో వడియాల పొట్లం ఉంది.